పద్దెనిమిదో లాడం

ఎర్రబయలు గుర్రప్పందేలంటే కళ్యాణదుర్గం చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. పాళెగాళ్ళ కాలంనాటి మైదానం. పరుగులో చచ్చిన ప్రతి గుర్రాన్నీ అక్కడే పూడ్చి, దాని లాడం ఒకటి గెలుపుగుంజకు కొడతారు. పందెం రోజు మిట్టమధ్యాహ్నం, లాడాలు కొట్టేవాడు ఒక్కడే పోయి ఒక్కోదాన్నీ సుత్తితో ఒకసారి తట్టాలి. తట్టితే ఆ గుర్రం ఆ పూటకు పడుకుంటుంది. తట్టకపోతే పందేనికి లేచి వస్తుందట!

ఈ ఏడూ అతావుల్లానే పోయినాడు. నేల పొగలు కక్కుతోంది. కాలిన ఇనుము వాసన. ఒక్క కాకి లేదు. ఠంగ్... ఠంగ్... పదిహేడు తట్టినాడు. పద్దెనిమిదోదాని దగ్గర చెయ్యి ఆగింది. అది నిరుడు కూలిన ఓబులేష్ గుర్రానిదని ఊరంతా నమ్ముతోంది. కాదు.

నిరుడు గుర్రాల ఆసామి గురప్ప అతావుల్లా చెవిలో ఊదినాడు. "ఓబులేష్ గుర్రానికి మేకులు పైపైన కొట్టప్పా. వచ్చే ఏడు నీ కూతుర్ని నా గుర్రం ఎక్కిస్తా."

కూతురు షాహిదాకు చిన్నప్పటినుంచీ గుర్రాల పిచ్చి. ఒప్పుకున్నాడు మహానుభావుడు! రెండో మలుపులో లాడం ఊడింది. గుర్రం పోయింది, మీదున్న ఓబులేషూ పోయినాడు. ఎవరికీ దొరకకూడదని అతావుల్లా ఆ లాడాన్ని ఎండిన బావిలో పారేసి, చేతికందిన పాతదొకటి గుంజకు కొట్టినాడు. ఓబులేష్ పెండ్లాం నాగలక్ష్మి, ఏమీ తెలియని పిల్ల, పుణ్యం కట్టుకున్నావన్నా అని ఈయనకే చేతులెత్తి మొక్కింది. ఆ మొక్కు తలుచుకుంటే ఇప్పటికీ ముద్ద దిగదు.

కళ్ళు మూసుకుని తట్టినాడు.

ఠంగ్‌మనలేదు. మెత్తగా... వెచ్చగా... కండ మీద కొట్టినట్టు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ పాత లాడం గురప్ప గుర్రానిది. ఇయ్యాల షాహిదా ఎక్కాల్సిన గుర్రానిది. బతికున్నదాన్ని పడుకోబెట్టినాడు. చచ్చినదాన్ని తట్టనే లేదు.

జేబులో సెల్లు మోగింది. గురప్ప పాక దగ్గర్నుంచి షాహిదా.

"అబ్బా, గురప్పన్న గుర్రం ఉన్నట్టుండి పండుకోనింది. ఎంత లేపినా లేవల్యా."

అమ్మయ్య అనుకున్నాడు. కూతురు దక్కింది, అదే చాలు. "పోనీలే తల్లీ. పందెం వద్దు, ఇంటికి పో."

"లేదబ్బా. ఎవరో అన్న తన గుర్రం ఇచ్చినాడు. మొగమంతా దుమ్ము. పేరడిగితే పలకల్యా... నేను ఎక్కేసినా."

"దిగు..." అరిచినాడు అతావుల్లా. "షాహిదా... దిగు తల్లీ!"

అటువైపు మనుషుల అలికిడి లేదు. గాలి చప్పుడూ లేదు. గిట్టల చప్పుడొక్కటే. మూడు గట్టిగా... ఒకటి మెత్తగా...

"ఎట్ల దిగేది అబ్బా?" గుసగుసలాడింది షాహిదా. "కింద నేల కనపడల్యా."