తాళమేసిన బడిలో ఇంగ్లీషు చదువు

పుప్పాలగూడ సర్కారు బడి వెనక గుట్టను సగం చెక్కి వదిలేశారు. ఆ చెక్కిన బండకూ బడి గోడకూ నడుమ సన్నని తొవ్వ ఒకటుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీల రోడ్డు దిగి ఆ తొవ్వన పడితే ఊరు పది నిమిషాలు. చుట్టూ తిరిగి పోతే ముప్పావు గంట.

అయినా ఆ ఏడు చీకటి పడ్డాక ఆ తొవ్వన ఒక్క మనిషీ కాలు పెట్టలేదు.

బండ పేల్చినప్పుడు ఇద్దరు కూలోళ్లు దాని కింద నలిగి చచ్చిపోయారని ముందు నుంచీ ఆ జాగకు చెడ్డపేరే. కానీ అసలు భయం సకలజనుల సమ్మె మొదలయ్యాక పట్టుకుంది. తెలంగాణ కోసం సార్లూ టీచరమ్మలూ అందరూ సమ్మెకు దిగారు. బడికి తాళం పడింది. బొగ్గుబాయిలు ఆగిపోయి కరెంటు కోతలు పెరిగాయి. ఊరంతా చీకటి. తలెత్తి చూస్తే మాత్రం జనరేటర్ల మీద నడిచే అద్దాల మేడలు... పండగ ఇళ్లలాగా వెలుగుతూ.

అట్లాంటి ఒక రాత్రి ఆటో ఓంకార్ తొందరలో ఆ తొవ్వన వచ్చాడట. చివరి గది — ఎనిమిదో తరగతి గది — కిటికీలో చిన్న వెలుగు. కనబడింది... పోయింది... మళ్లీ కనబడింది. కాగితాలు తిప్పుతున్న చప్పుడు. ఆ చప్పుడు వెనకే ఒక గొంతు. మెల్లగా, ఆగి ఆగి చదువుతోంది.

ఇంగ్లీషు!

ఓంకార్ ఆటో అక్కడే వదిలేసి ఉరికాడు. తెల్లారి నలుగురు తోడు వస్తే గానీ మళ్లీ దాని దగ్గరికి పోలేదు.

"దయ్యానికి ఇంగ్లీషెట్లొస్తదిరా?" అని చాయ్ హోటల్ కాడ అందరూ ఒకటే నవ్వు.

"ఎందుకు రాదు? పక్కపొంటి గన్ని కంపెనీలున్నయి. నీకు నాకు రాలే గని దానికొచ్చింది" అన్నాడు ఓంకార్.

నవ్విన వాళ్లు కూడా ఆ రాత్రి చుట్టూ తిరిగే ఇళ్లకు పోయారు.

మాట ఊళ్లో తిరిగిన కొద్దీ పెరిగింది. ఆ గొంతు ఆడపిల్లదని ఒకరన్నారు. రెండు జడలు కూడా కనబడ్డాయని ఇంకొకరన్నారు. అట్లా పెరిగీ పెరిగీ యాదమ్మ చెవిన పడింది.

యాదమ్మ ఆ అద్దాల మేడల్లో ఒకదాంట్లో తొమ్మిదో అంతస్తు తుడుస్తుంది. భర్త మొగిలి ఇంకో మేడ గేటు కాడ సెక్యూరిటీ. వాళ్లకు ఒక్కతే బిడ్డ, స్వప్న. అదే బడిలో ఎనిమిదో తరగతి.

సమ్మెకు నాలుగు రోజుల ముందు ఆ పిల్ల ఒళ్లు కాలుతుండగానే ఇంగ్లీషు పరీక్ష రాసి వచ్చింది. వచ్చి చాప మీద పడుకుంది. ఆ రాత్రికే దవాఖానలో చేర్చారు. డెంగీ అన్నారు. మూడో నాడు యాదమ్మ పనికి పోయింది. పోకుంటే పని పోతుంది. ఫోన్లు కింద లాకర్లో పెట్టి పైకెక్కాలని అక్కడ రూలు. సాయంత్రం దిగి ఫోను తీస్తే మొగిలి పదిహేడు సార్లు చేసి ఉన్నాడు. ఆమె పోయేసరికి పిల్ల మొహం మీద బట్ట కప్పేశారు.

"అమ్మా అనుకుంట ఏదో చెప్పబోయిందక్కా... నాకు సమజ్ కాలే" అంది నర్సు.

ఏం చెప్పబోయింది?

అన్నం ముందు కూర్చున్నా అదే మాట. తొమ్మిదో అంతస్తులో తుడిచిన చోటే తుడుస్తున్నా అదే మాట. మొగిలిని అడిగితే "మందులు తేనీకి పోయిన. ఆ గడియకు నేన్ గూడ లేకుంటి" అని మొహం తిప్పుకుంటాడు. ఆ ఒక్క మాట వినకుండా ఎట్లా బతకాలో యాదమ్మకు తెలియలేదు.

పెత్రమాస నాటి రాత్రి. బస్సులు బంద్. యాదమ్మా, ఆమెతో పనిచేసే బుచ్చమ్మా తొమ్మిదింటికి డ్యూటీ దిగి నడిచి వస్తున్నారు. బండ మలుపు కాడ యాదమ్మ ఆగింది.

"అక్కా, నేనీ తొవ్వన పోత."

"ఏందే, పిచ్చి లేసిందా? ఇయ్యాల పెత్రమాస. పోయినోళ్లు ఇండ్లకొచ్చే దినం. ఆడ దయ్యముంటదే!"

"ఉంటే మంచిదే" అంది యాదమ్మ.

బుచ్చమ్మ గొంతు తగ్గించి "నేన్ రాను చెల్లె. నాకు పిల్లలున్నరు" అంది. అన్నాక నాలుక కరుచుకుంది. అప్పటికే యాదమ్మ చీకట్లోకి నడిచిపోయింది.

అమావాస్య చీకటి. కాలి కింద రాళ్లు. చేత్తో బడి గోడ తడుముకుంటూ పోయింది. గోడ విరిగిన చోట ఆగి చెవి ఒగ్గింది...

కాగితం తిప్పిన చప్పుడు.

మళ్లీ ఒకటి.

ఆ తర్వాత చదువు. చాలా మెల్లగా, గుసగుసగా. గుసగుసలో ఆడా మగా తెలియదు. చిన్నా పెద్దా తెలియదు. అర్థం కాని ఆ ఇంగ్లీషు ముక్కలు వింటుంటే పొద్దున్నే గడపలో కూర్చుని ఊగుతూ చదివే స్వప్నే కళ్ల ముందు కనబడింది.

యాదమ్మకు దయ్యమంటే భయం లేదు... తను దగ్గరికి పోతే అది వెళ్లిపోతుందేమోనని భయం.

చెప్పులు విడిచింది. విరిగిన గోడ దాటింది. వరండా ఎక్కింది. గది తలుపు ఓరగా తెరిచి ఉంది.

"స్వప్నా..."

చదువు ఆగిపోయింది. వెలుగు ఆరిపోయింది.

"బిడ్డా... నేనే. అమ్మను. భయపడకు."

చీకట్లో ఎవరో ఊపిరి బిగబట్టారు. ఆ బిగబట్టడం ఆమెకు వినబడింది.

"ఆ దినం ఏదో చెప్పబోయినవట గద. నేన్ లేకపోతి... గిప్పుడు చెప్పు బిడ్డా. ఇంటున్న."

ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. ఆఖరికి బల్ల కిర్రుమంది. అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. ఆ వెలుగులో — నెరిసిన మీసం, కళ్లద్దాలు.

"నేనమ్మా... సోమేశ్వరరావుని. ఇంగ్లీషు మాస్టర్ని."

యాదమ్మ గడపలోనే కూలబడింది. దయ్యం కాదని తెలిస్తే ఊళ్లో ఎవరైనా హమ్మయ్య అనుకునేవాళ్లు. ఆమెకు మాత్రం బిడ్డ రెండోసారి పోయినట్టయింది.

"మీరా సారూ..." అంది.

మాస్టరు కొవ్వొత్తి వెలిగించి, కిటికీలోంచి కనబడకుండా పరీక్ష అట్ట ఒకటి అడ్డం పెట్టాడు. "పేపర్లు దిద్దుతున్నానమ్మా. సమ్మె అయ్యాక పిల్లలకు మార్కులు చెప్పాలి కదండి. బడి దాటించి ఇంటికి తీసుకుపోకూడదు. గది తాళంచెవి నా దగ్గరే ఉంది. పగలొచ్చి దిద్దితే... నేను అసలే గుంటూరు వాణ్ని. సమ్మె చెడగొడుతున్నాడంటారు. పైకి చదివితే గానీ తప్పులు దొరకవు నాకు, పాడు అలవాటు. ఎవరితోనూ అనకండమ్మా."

"అనను సారూ" అంది. బల్ల దిక్కు చూసి, "నా బిడ్డ పేపరుందా గండ్ల?" అంది.

బల్ల మీద ఒక కట్ట ఉంది. ఒక్కో పేపరు మీదా ఎర్ర సిరాతో మార్కులు, వాటి చుట్టూ సున్నా. ఆ కట్టకు దూరంగా ఒకే ఒక్క పేపరు బోర్లించి ఉంది.

"ముప్పై తొమ్మిది అయ్యాయమ్మా. వాటినే మళ్లీ మళ్లీ చదువుతున్నాను. దీనికి... మూడు రోజులుగా చెయ్యి రావడం లేదు."

యాదమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని ఆ పేపరు అందుకుంది. తను చదివింది మూడో తరగతి, అదీ తెలుగు. ఆ అక్షరాలు తెలియవు. గీత మీంచి జారకుండా కుదురుగా రాసిన ఆ వరసలను వేలితో తడిమింది.

"ఏం రాసింది సారూ?"

మాస్టరు పక్కకు జరిగి కూర్చున్నాడు. "ఇవి ఖాళీలు... ఇవి అర్థాలు. రెండే తప్పులు. ఇదేమో ఉత్తరం. ఐదు మార్కులు. హాస్టల్లో ఉన్నట్టు అనుకుని రాయాలి."

"ఎవలకు?"

ఆయన కాగితం వంకే చూస్తూ ఉండిపోయాడు. అప్పటిదాకా తట్టనిది అప్పుడు తట్టినట్టుంది.

"అమ్మకు" అన్నాడు.

యాదమ్మ పేపరు ఆయన చేతిలో పెట్టింది. "చదువుండ్రి" అంది.

ముందు ఇంగ్లీషులో చదివాడు. తర్వాత ఒక్కో ముక్కా తెలుగులో చెప్పాడు.

"ప్రియమైన అమ్మకు... నేను ఇక్కడ బాగున్నాను. నువ్వు అక్కడ బాగున్నావని తలుస్తాను."

యాదమ్మ ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

"నా ఆరోగ్యం బాగుంది. ఇక్కడ వేళకు అన్నం పెడతారు. నాకు మంచి స్నేహితులు దొరికారు. నా గురించి బెంగ పెట్టుకోకు..."

మాస్టరు పేపరు మడిచాడు. "అంతేనమ్మా."

"ఇంక రెండు గీతలున్నయి గద సారూ."

ఆయన పేపరు కట్ట మీద పెట్టబోయాడు.

"నాకు రాదు గని, లెక్క తెలుస్తది. రెండు గీతలున్నయి. చదువుండ్రి సారూ... మీకు దండం పెడత."

కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. పేపరు విప్పాడు.

"దసరా సెలవులకు ఇంటికి వస్తాను. నా కోసం... ఎదురుచూస్తూ ఉండు. ఇట్లు, నీ ప్రియమైన కూతురు, స్వప్న."

దూరంగా మేడల జనరేటర్లు మూలుగుతున్నాయి.

ఆమె మొహం చూసి మాస్టరు భయపడ్డాడు. గబగబా కట్ట విప్పాడు. "అమ్మా, నా మాట వినండి. ఇది పిల్ల సొంతంగా రాసింది కాదు. నేను బోర్డు మీద రాసిచ్చి బట్టీ పట్టించిన ఉత్తరం. క్లాసులో నలభై మందీ ఇదే రాశారు. చూడండి... ఇదిగో... ఇదిగో... అందరిదీ ఇదే."

యాదమ్మ తొందరపడలేదు. ఒక్కో పేపరూ చేతిలోకి తీసుకుని, బిడ్డ పేపరు పక్కన పెట్టి చూసింది. అవే వరసలు. అదే చోట మొదలు, అదే చోట ఆఖరు. ముప్పై తొమ్మిదీ చూసింది.

"అవు. అన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి" అంది. పేపర్లు సర్ది కట్ట మీద పెట్టింది. "గని ఆ పిల్లలందరు ఇండ్లల్లనే ఉన్నరు గద సారూ. దూరం పోయింది నా బిడ్డొక్కతే."

మాస్టరు కట్టను మళ్లీ కట్టాడు.

"ఆళ్లకు గీ ఉత్తరానికెన్నేసిండ్రు?"

"మూడు... బట్టీ కదా అని మూడేశాను."

"మా పిల్లకు?"

ఆయన ఎర్ర పెన్ను తీశాడు. ఇరవై ఏళ్లలో ఉత్తరానికి నిండు మార్కులు వేసింది అదే మొదటిసారని తర్వాత ఆయనే చెప్పుకున్నాడట. ఐదు వేసి సున్నా చుట్టబోతే గీత వంకర పోయింది.

యాదమ్మ ఇల్లు చేరేసరికి మొగిలి గడపలోనే నిలబడి ఉన్నాడు.

"బుచ్చమ్మ వచ్చి చెప్పింది. గా తొవ్వన ఎందుకు పోయినవే? ఏమన్న కనవడ్డదా?"

"ఏం లేదు. నువ్ పండు."

మొగిలి ఆమె మొహంలోకి పరీక్షగా చూశాడు. ఏడ్చిన కళ్లు. కానీ రెండు వారాల నుంచీ ఉన్న పిచ్చిచూపు లేదు. అది చూస్తే అతనికి ధైర్యం రాలేదు. ఎందుకో ఇంకా భయమేసింది. తలుపు వేసి, గొళ్లెం గట్టిగా బిగించి, దీపం ఆర్పి పడుకున్నాడు.

యాదమ్మకు నిద్ర పట్టలేదు. కాసేపటికి లేచింది. చీకట్లో తడుముకుంటూ తలుపు దాకా పోయి మెల్లగా గొళ్లెం తీసింది.

"ఏందే?" మొగిలి లేచి కూర్చున్నాడు. "గీ యాళప్పుడు తలుపెందుకు తీస్తున్నవ్? ఎవలొస్తున్నరు?"

ఆమె తలుపు దగ్గరగా వేసింది. గొళ్లెం మాత్రం పెట్టలేదు. వచ్చి చాప మీద పడుకుని, పక్కన కొంచెం జాగ వదిలింది.

"దసరకు ఇంక తొమ్మిది దినాలే గద" అంది.