కట్టు కట్టిన వేలు

మా మందుల షాపుకి ఎదురుగా జిరాక్స్ షాపు తెరిచిన అమ్మాయితో నాకు పరిచయమే గొడవతో మొదలైంది. మా నాన్న దువ్వెన గుర్తు పార్టీకి వీరాభిమాని. ఎన్నికలకి రెండు నెలలుందనగా ఒక కరపత్రం నా చేతిలో పెట్టి ఐదొందల కాపీలు తీయించుకు రమ్మన్నారు.

ఆ అమ్మాయి దాన్ని మెషీన్‌లో పెట్టకుండా నిలబడి చదివింది.

"ఇందులో మూడు అబద్ధాలున్నాయి."

"మీ పని కాపీ తీయడం కదండీ?"

"తీస్తా. ఒక్కో అబద్ధం ఐదొందల సార్లు తీస్తా. ముందే చెబుతున్నా, నాది గొడుగు గుర్తు."

ఆ తర్వాత రెండు నెలల్లో నా డిగ్రీ సర్టిఫికెట్‌కి పదకొండు కాపీలయ్యాయి. తను రోజు విడిచి రోజు తలనొప్పి మాత్రలకి వచ్చేది.

"ఇన్ని తలనొప్పులేంటి నీకు?" అని ఒకసారి అడిగాను.

"మీ పార్టీ మైకు విని," అంది.

నాకు 'మాత్రలు' అని పేరు పెట్టింది. నేను 'జిరాక్స్' అనేవాణ్ణి. మా ఇద్దరికీ ఏ విషయంలోనూ పొసగదని వీధంతా నవ్వుకునేది. నాకు మాత్రం ఎదురు షాపు షట్టర్ లేచిన చప్పుడు వింటేగాని పొద్దు మొదలైనట్టుండేది కాదు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరం మా షాపు ముందు రేకు కింద నిలబడ్డాం. తన చేతిలో గొడుగుంది.

"మీ పార్టీ గుర్తు తెరవవేం?"

"తెరిస్తే వెళ్ళిపోవాలి కదా," అంది, వాన వైపే చూస్తూ.

తనే మళ్ళీ అంది.

"నువ్వు అటేస్తావు, నేను ఇటేస్తాను. రెండూ కొట్టేసుకుంటాయి. ఇద్దరం మానేద్దామా? ఆ రోజు మనిద్దరిదీ. పార్కుకి పోదాం."

"నీకిది మొదటి ఓటు కదా?"

"అందుకే. ఊరికే ఇస్తానా ఎవరికైనా?"

ఒట్టు వేసుకున్నాం. ఆ రాత్రి గాల్లో తేలాను.

పోలింగ్ రోజు పొద్దున్నే మా నాన్న వీధి లిస్టు పట్టుకుని లెక్కలు మొదలుపెట్టారు. "ఈసారి నువ్వా నేనా అన్నట్టుందిరా. ఒక్క ఓటు తగ్గినా కష్టం." నాలో అనుమానపు పురుగు మెదిలింది. ఆ అమ్మాయి మాత్రం గుట్టుగా వేసి రాదని ఏముంది? వేస్తే తెల్లమొహం వేసేది నేనే. ఏడు గంటలకే లైన్లో నిలబడి ఓటేసొచ్చాను. సిరా చుక్క కనబడకుండా మా షాపులోదే కట్టు తీసి వేలికి చుట్టాను.

పార్కు బెంచీ మీద తను నాకంటే ముందే వచ్చి కూర్చుంది. కొత్త బట్టలు. నా వేలు చూడగానే కంగారుపడింది.

"ఏమైంది?"

"సీసా పగిలి తెగింది."

"మందుల షాపు పెట్టుకుని ఇలాగేనా కట్టుకునేది? ఊడిపోతోంది చూడు. ఇలా ఇవ్వు."

వద్దన్నాను. వినలేదు. నొప్పి పుడుతుందేమోనని ఊదుతూ, మెల్లగా ఒక్కో చుట్టూ విప్పింది. లోపల గాయం లేదు.

ఆ నల్ల చుక్కని చూసింది. తన వేళ్ళు ఖాళీగా, శుభ్రంగా ఉన్నాయి.

"ఎవరికి వేశావని అడగను. ఎందుకు వేశావు?"

"నువ్వు... వేస్తావేమోనని."

కట్టు మడిచి నా చేతిలో పెట్టి లేచి వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా షాపూ, మా వీధిలోని ఇల్లూ ఖాళీ చేసి, నగరానికి అటు చివరకి మారిపోయింది. దువ్వెన గుర్తు నాలుగు వేల ఓట్ల తేడాతో గెలిచింది. నా ఒక్కటీ లేకపోయినా గెలిచేది.

ఏటా ఓటర్ల లిస్టు సరిచూసే టీచరు గారు మా షాపులోనే కూర్చుని అడుగుతారు. వీధిలో ఎవరున్నారో, ఎవరు లేరో నాకు తెలుసని ఆవిడ నమ్మకం. ఆ అమ్మాయి పేరు దగ్గరికి రాగానే, "ఈ అమ్మాయి ఉందా బాబూ?" అనేవారు.

"ఉందండీ. పనిమీద బయటికెళ్ళింది."

మూడేళ్ళు అదే మాట చెప్పాను. మా వీధిలో తనదంటూ మిగిలింది ఆ పేరొక్కటే. అది కూడా కొట్టేయించడానికి మనసొప్పలేదు.

మొన్న టీచరు గారు మా బల్ల దగ్గర కూర్చుని ఉండగానే తను షాపు మెట్లెక్కింది. నన్ను చూడకుండా ఆవిడతో అంది.

"మేడం, నా పేరు ఇక్కడ తీసేస్తే గాని అక్కడ ఎక్కించరట. మూడుసార్లు అప్లికేషన్ పెట్టాను. నేను ఇక్కడే ఉన్నానని మీరు రాసి పంపారట. దాంతో పోయినేడు వార్డు ఎన్నికల్లో కూడా ఓటు పోయింది."

టీచరు గారు కళ్ళజోడు సవరించుకుని నావైపు చూశారు.

"వచ్చి ఇక్కడే వేసుండొచ్చుగా," అని గొణిగాను.

"లేని ఇంట్లో ఉన్నానని చెప్పి వేయాలా? ఆ తెలివి నీకుంది, నాకు లేదు." ఇప్పుడు నావైపు తిరిగింది. "ఇరవై ఆరేళ్ళొచ్చాయి, మాత్రలూ. ఈ వేలికి ఇంతవరకు చుక్క పడలేదు. రెండుసార్లూ నీ వల్లే."

"తప్పు చేశాను," అన్నాను. "అప్పుడు నిన్ను నమ్మకపోవడం, ఇప్పుడు నిన్ను పోనివ్వకపోవడం. రెండూ తప్పే. నువ్వంటే ఇష్టమని చెప్పాల్సిన చోటల్లా అబద్ధం చెప్పాను."

టీచరు గారు ఏమీ విననట్టు ఫారం నా ముందుకి జరిపారు. ఇల్లు మారినట్టు తెలిసినవాళ్ళు సంతకం చేయాలన్నారు. చేశాను.

తను ఫారం తీసుకుని మెట్లు దిగింది. రోడ్డు మీద ఆగి, తన పాత షాపు వైపు చూసింది. అక్కడిప్పుడు చెప్పుల కొట్టుంది.

"కాఫీ అయినా తాగి వెళ్ళు," అన్నాను.

"ఇప్పుడు కాదు. ఎన్నికల రోజు సాయంత్రం, అదే బెంచీ. నేను వేసొస్తాను, నువ్వూ వేసిరా."

"ఎన్నికలకింకా పద్నాలుగు నెలలుంది."

"తెలుసు," అంది. "కట్టు లేకుండా రా."