బుద్ధిగా కూర్చున్న పిల్ల

ఆ ఇంట్లో కోడికన్నా ముందు పిల్ల లేచేది. లేవడమంటే కళ్ళు తెరవడం కాదు, మంచం మీద నిలబడి తండ్రి పొట్ట మీదికి దూకడం. మూడో ఏడు నడుస్తోంది. అసలు పేరుతో ఎవరూ పిలవరు. పుట్టిన నెలకే అమ్మమ్మ "ఇది పిల్ల కాదే, పిడుగు" అంది. అదే ఖాయమైపోయింది.

పిడుగు లేచిందంటే ఇల్లు పీకి పందిరి వేసినట్టే. పాలు వేడిగా ఉంటే వద్దు, చల్లారితే వద్దు, అసలు ఆ గ్లాసే వద్దు. ఒక కాలికి చెప్పు తొడిగి రెండోది వెతికేలోపు మొదటిది కిటికీలోంచి కిందికి పోతుంది. కింది వాటా ఆవిడ ఆ చెప్పు తెచ్చి గుమ్మం ముందు పడేసి, మారుమాట లేకుండా వెళ్ళిపోతుంది. ఆ రెండు వాటాల మధ్య పలకరింపులు ఎప్పుడో ఆగిపోయాయి.

తండ్రి లిఫ్టులు బాగుచేసే మెకానిక్. తల్లి ఆసుపత్రిలో నర్సు. పగలు పిల్లని డేకేర్‌లో వదిలేవాళ్ళు. ఆ రోజు డేకేర్ మేడమ్ గేటు తీయలేదు. ఊచల అవతలే నిలబడింది.

"నిన్న మళ్ళీ కొరికింది. ఆ పిల్లాడి తల్లి వచ్చి నన్ను నానా మాటలూ అంది. ఇక నా వల్ల కాదు."

"ఈ ఒక్కరోజుకి చూడండి మేడమ్. పని మీద వెళ్ళాలి."

"మీ పిల్ల, మీరే పడండి," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

భార్యకి ఫోన్ చేశాడు. వార్డులో ఎవరో మూలుగుతున్నారు. "నాకు సెలవు దొరకదండీ. మీతోపాటే తీసుకెళ్ళండి," అంది. అంతే, కట్.

బస్సులో పిల్ల ముందు సీటుని తన్నుతూనే ఉంది. కాలు పట్టుకుంటే చెయ్యి ఆడుతుంది, చెయ్యి పట్టుకుంటే నోరు లేస్తుంది. ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. మూడోసారి, "కనగానే సరా, పెంచడం కూడా రావాలి," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. మెకానిక్ ముఖం మాడిపోయింది. పిల్ల చెవి దగ్గర పళ్ళు బిగించి గొణిగాడు. "ఒక్క పూటైనా బుద్ధిగా కూర్చునే పిల్లని ఇవ్వలేదు కదా నాకు..."

పిల్ల పకపకా నవ్వి అతని ముక్కు పట్టుకుని లాగింది.

వెళ్ళాల్సింది నాలుగంతస్తుల ఆఫీసు భవనానికి. చాలాకాలంగా ఖాళీ. కొత్తవాళ్ళు దిగేలోపు లిఫ్టు నడిచేలా చెయ్యాలి. గేటు దగ్గర ముసలి వాచ్‌మన్ కుర్చీలో కూర్చున్నాడు. లేవకుండానే తాళాలు చేతికిచ్చాడు.

లోపల పగలే మసకగా ఉంది. కిటికీలకి పాత కాగితాలు అంటించేశారు. తడిసి ఆరిన కార్పెట్ వాసన, దాని అడుగున ముద్దైపోయిన గ్రీజు వాసన. నడుస్తుంటే అడుగుల చప్పుడు ముందుకు పోయి, గోడకి తగిలి, కాస్త ఆలస్యంగా తిరిగొస్తోంది. పిల్లకి అది భలే నచ్చింది. "ఓయ్!" అంది. భవనం "ఓయ్" అంది. కాస్త ఆలస్యంగా.

మెకానిక్ మెయిన్ స్విచ్ ఆపి, దానికి తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాడు. లిఫ్టు పెట్టె రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగి ఉంది. పిల్ల నడుముకి భార్య పాత చున్నీ కట్టి, రెండో కొస తన నడుముకి కట్టుకుని, మెట్లెక్కి పైనున్న మోటారు గదికి చేరాడు. బ్రేకు విప్పాక రెండు చేతులూ దానిమీదే ఉండాలి. అప్పుడు మొదలైంది. చున్నీ లాగుడు, గీ పెట్టడం, స్పానర్ తీసి గోడకేసి కొట్టడం.

అతను ఓ బిస్కెట్ తీసి చేతిలో పెట్టాడు. ముడి విప్పాడు.

"దాగుడుమూతలు ఆడదామా? కింది అంతస్తులో దాక్కో. నేనొచ్చి వెతుకుతా. దొరికేదాకా బయటికి రాకూడదు, సరేనా?"

దానికి తెలిసిన ఆటే. ఎప్పుడు దాక్కున్నా పట్టుమని పది అంకెలు లెక్కపెట్టనివ్వదు, "నాన్నా, నేను లేను!" అని తనే అరుస్తుంది. ఆ కాసేపు చాలు, బోల్టు బిగిస్తే అయిపోతుంది అనుకున్నాడు. పిల్ల బిస్కెట్ పిడికిట్లో పట్టుకుని టపటపా మెట్లు దిగింది.

బోల్టు బిగించాడు. రెండోది కూడా బిగించాడు.

అరుపు రాలేదు.

"పిడుగూ..." అన్నాడు. "వచ్చేస్తున్నా."

నాలుగో అంతస్తులో లేదు. మూడో అంతస్తులో లేదు. బల్లల కింద, బీరువాల వెనక, బాత్రూముల్లో చూశాడు. పిలిచిన ప్రతిసారీ అతని గొంతే ఆలస్యంగా తిరిగొచ్చింది. లిఫ్టు గుంట గుర్తొచ్చి రెండో అంతస్తుకి పరిగెత్తాడు.

అప్పుడు వినిపించింది. టక్. టక్. ఎవరో మర్యాదగా తలుపు తడుతున్నారు.

లిఫ్టు పెట్టె లోపలి నుంచి.

తన దగ్గరున్న తాళంచెవితో తప్ప ఆ తలుపు తెరుచుకోదు. కరెంటు ఆపిన తాళంచెవీ జేబులోనే ఉంది. తలుపు తీశాడు. పెట్టె మధ్యలో పిల్ల బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి.

"నేనిక్కడ ఉన్నాను నాన్నగారూ," అంది.

ప్రాణం లేచొచ్చిన ఊపులో, ఎన్నడూ లేనిది, ఒక్కటి వేశాడు. చెంప మీద అచ్చు పడింది. చీమ కుట్టినా వీధి వీధంతా లేపే పిల్ల, కళ్ళార్పకుండా అతన్ని చూసింది.

"తప్పయిపోయింది నాన్నగారూ. ఇంక అల్లరి చెయ్యను."

అతనికే ఏడుపొచ్చింది. ఎత్తుకుని, మళ్ళీ వెనక్కి చూడకుండా కిందికి దిగాడు.

తిరుగు బస్సులో ఒకావిడ జరిగి చోటిచ్చింది. "ఎంత బుద్ధిమంతురాలో," అని బుగ్గ పుణికింది. ఇంట్లో పిల్ల పెట్టింది పెట్టినట్టు తింది. తన గిన్నె తనే కడిగే చోట పెట్టింది. చీకటి పడగానే వెళ్ళి పడుకుంది. పెళ్ళాం నోరు తెరుచుకుని చూసింది.

"ఏం మందేశారు దానికి?"

"ఏం లేదు. కొట్టాను."

"ఓహో. ఈ పని ముందే చేసుంటే పోయేది," అని నవ్వింది. ఆ ఇద్దరూ కూర్చుని వేడి టీ వేడిగా ఉండగానే తాగి ఎన్నాళ్ళయిందో. ఆవిడ అతని భుజం మీద తల వాల్చి అలాగే నిద్రపోయింది. అతనికి మాత్రం నిద్ర పట్టలేదు. ఎవరూ మీదికి దూకని పొద్దు అలాగే తెల్లారింది.

డేకేర్ మేడమ్ తనే ఫోన్ చేసి పిల్లని పంపమంది. కింది వాటా ఆవిడ మెట్ల మీద కనిపించి పలకరించింది. అందరి ముఖాలూ విచ్చుకున్నాయి. అతనొక్కడికే ముద్ద దిగడం లేదు. రోజూ ఎత్తుకునే చేతికి బరువు తెలుస్తుంది. ఇది తేలిక. ఉతికి మడత పెట్టిన బట్టలు ఎత్తుకున్నట్టుంది. మెడ దగ్గర వాసన చూశాడు. చెమట లేదు, పాల వాసన లేదు. తడిసి ఆరిన కార్పెట్ వాసన.

"ఇది మన పిల్ల కాదు," అన్నాడు చివరికి, వంటింట్లో, గొంతు తగ్గించి.

భార్య చేతిలో గరిట ఆగింది. "ఏమన్నారు?"

"నన్ను నాన్నగారూ అంటోంది. మీరు అంటోంది. మన పిడుగు ఎప్పుడైనా..."

"డేకేర్‌లో నేర్పారు. బిడ్డ బాగుపడినా మీకు కంటగింపేనా? ఆ అల్లరికి నేను డ్యూటీలో నిలబడే కునికాను, తెలుసా మీకు? ఇంకోసారి ఆ మాటంటే నేనూ పిల్లా మా అమ్మ దగ్గరికి పోతాం." ఆవిడ కళ్ళలో నీళ్ళు కాదు, నిప్పులున్నాయి.

గుమ్మంలో పిల్ల నిలబడి వింటోంది. చేతులు కట్టుకుని.

ఆ వారంలోనే, ఓ మధ్యాహ్నం సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. "ఏం చేసి తగలడ్డావయ్యా అక్కడ? లిఫ్టు దానంతటదే తిరుగుతోందట. పైన ఎవరి పిల్లో పరిగెడుతోందని వాచ్‌మన్ గోల. నీ పిల్లని తీసుకెళ్ళావట కదా పనిలోకి? ముందు వెళ్ళి చూడు, తర్వాత నీ సంగతి చూస్తాను."

*పైన ఎవరి పిల్లో పరిగెడుతోంది.*

అతను ఇంకేం వినలేదు. నేరుగా డేకేర్‌కి వెళ్ళి, కూర్చున్న చోటే కూర్చున్న పిల్లని చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాడు. ఎక్కడికని అది అడగలేదు.

భవనం గేటు దగ్గర వాచ్‌మన్ అతన్నీ, పిల్లనీ మార్చి మార్చి చూశాడు. "ఒక్కదాన్ని పైనొదిలేసి పోయావు. దీన్ని కూడా వదలడానికొచ్చావా?" అని కుర్చీ అటు తిప్పుకున్నాడు.

లోపల అదే మసక. లిఫ్టు ఇప్పుడు అన్నిటికన్నా కింది అంతస్తులో ఉంది. తలుపు తెరిచి ఉంది. పెట్టెలో దీపం వెలుగుతోంది. మెయిన్ స్విచ్‌కి అతను వేసిన తాళం వేసినట్టే ఉంది.

అతను చెవులు రిక్కించాడు.

పైనెక్కడో... టపటపా అడుగులు. చిన్న పాదాలు. ఆగాయి. మళ్ళీ పరిగెత్తాయి.

"నాన్నా... నేను లేను! వెతుకు!"

అతను మెట్ల వైపు అడుగు వేయబోయాడు. పడలేదు. చేతిని ఏదో పట్టుకుని ఉంది. కిందికి చూశాడు. బట్టలంత తేలికైన ఆ పిల్ల చెయ్యి, మూసుకుపోయిన తలుపులా అతని వేళ్ళని నొక్కుతోంది.

"అక్కడ ఎవరూ లేరు నాన్నగారూ. ఇంటికి వెళ్దాం."

"వదులు."

"అది చెడ్డ పిల్ల. కొరుకుతుంది. మీకు వద్దన్నారు కదా." గొంతు చిన్నదే. ఆ గొంతు వెనకే, కాస్త ఆలస్యంగా, గోడల్లోంచి అదే మాట మళ్ళీ వచ్చింది. *వద్దన్నారు కదా...*

వేళ్ళ ఎముకలు నలుగుతున్నాయి. లాగాడు. గోడకి కాలు తన్నిపెట్టి లాగాడు. పిల్ల కదల్లేదు. దాని ముఖంలో కోపం లేదు, నొప్పి లేదు. చెప్పింది చేసే పిల్ల చూపు, అంతే.

చెప్పింది చేసే పిల్ల.

అతను మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎంత మామూలుగా అనగలడో అంత మామూలుగా అన్నాడు.

"అమ్మా... మాట వింటావు కదా?"

"వింటాను నాన్నగారూ."

"అయితే వెళ్ళి ఆ లిఫ్టులో కూర్చో. కదలకు."

దాని పెదవులు వణికాయి. మొదటిసారి. వేళ్ళు ఒక్కొక్కటే విడిపోయాయి. వెళ్ళింది. పెట్టె మధ్యలో బాసింపట్టు వేసుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అతను తలుపు మూస్తున్నంతసేపూ అది అతని వైపే చూస్తూ ఉంది. తాళం పడింది. లోపల దీపం ఆరిపోయింది.

మెట్లెక్కాడు. ఎక్కడం కాదు, పడి లేచి పాకడం. మూడో అంతస్తులో ఒక తలుపు వెనక నుంచి చిన్న కాలివేళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. తలుపు లాగాడు.

"ఇంతసేపా!" అంది పిడుగు. ముఖమంతా మసి. పిడికిట్లో ఆ రోజు ఇచ్చిన బిస్కెట్, సగం కొరికినది, ఇంకా తడిగా ఉంది.

అతను గుండెకి అదుముకున్నాడు. బరువు. చెమట. ఊపిరాడక అది గింజుకుని, భుజం మీద కండ ఊడేలా కొరికింది. అతను ఏడుస్తూ నవ్వాడు. దిగేటప్పుడు మూసిన లిఫ్టు పక్కనుంచి వెళ్ళాలి. లోపల చప్పుడు లేదు. బుద్ధిగా ఉంది.

బస్సులో పిల్ల ముందు సీటుని తన్నింది. ఎవరో ఏదో అన్నారు. "తన్ననీయండి," అన్నాడు అతను.

ఇంట్లో దానికి స్నానం చేయిస్తే గదంతా వరద. తువ్వాలుతో ఒళ్ళు తుడుస్తుంటే ఫోన్ మోగింది. పొద్దు వాలుతోంది. భార్య.

గొంతు తేలిగ్గా ఉంది. "ఏవండీ, ఇవాళ డ్యూటీ త్వరగా అయింది. మీరు డేకేర్‌కి వెళ్ళక్కర్లేదు. దీన్ని నేనే తెచ్చేస్తున్నాను."

అతని చేతిలో తువ్వాలు ఆగింది. తువ్వాలు లోపల పిడుగు కితకితలకి నవ్వుతోంది.

"ఎవర్ని?" అన్నాడు.

"ఎవర్నంటారేంటి? ఇదిగో, ఇంటికొచ్చేశాం. మెట్లెక్కుతున్నాం. తలుపు తీయండి."

ఫోన్‌లో ఆవిడ అడుగులు వినిపించాయి. అవే అడుగులు బయట మెట్ల మీద కూడా. పక్కనే ఇంకో జత, చిన్నవి, ఒక్కో మెట్టూ సమంగా.

తర్వాత, కాస్త ఆలస్యంగా, అంతే సమంగా, ఇంకో జత చిన్న అడుగులు.

ఆ వెనకాల... ఇంకో జత.