కాలు మొలవని చోటు

నమ్మినవాడు దేవుణ్ణి ఎందుకని అడగవచ్చా, కూడదా అన్నది ఆ దర్జీకి ఏళ్ల తరబడి తేలని సందేహం. తేలకపోయినా అడగడం మానలేదు. తెల్లవారగానే స్నానం చేసి, చేతులు కట్టుకుని దేవుడి ముందు నిలబడతాడు. పెదవులు కదలవు. తర్వాత ముందుగదిలోకి వచ్చి, మిషను మీద కప్పిన గుడ్డ తీసి, సూదికి దారం ఎక్కిస్తాడు.

ఆ ఉదయం మిషను పక్క బల్ల మీద ప్లాస్టిక్ డబ్బాలు వరసగా ఉన్నాయి. వాటిలో ఉప్పునీళ్లు, ఆ నీళ్లలో బియ్యపుగింజంత జీవులు, చూడ్డానికి రొయ్యపిల్లల్లాంటివి. కూతురు పనిచేసే పరిశోధనశాలలో ఏసీ చెడిపోయిందట. బాగయ్యేదాకా ఇంట్లో ఉంచుతానని వాటినీ, ఒక చిన్న మైక్రోస్కోపునీ నిన్ననే మోసుకొచ్చింది.

"అల్లుణ్ణి తెస్తుందనుకుంటే రొయ్యల్ని తెచ్చింది" అని దర్జీ భార్య గొణిగింది. గొణుగుతూనే, వాటికి ఎండ తగలకుండా కిటికీకి పాత దుప్పటి కట్టింది. కూతురిది పురుగుల చదువు అన్నంతవరకే ఆవిడకి తెలుసు.

కూతురు ఒకదాన్ని గాజుపళ్లెంలోకి తీసి, చూద్దువుగాని రమ్మని తల్లిని పిలిచింది. ఆవిడ కన్ను ఆనించి చాలాసేపు చూసి, దీని కాళ్లు ఇలా ఉన్నాయేమని అడిగింది. కూతురు ఉత్సాహంగా చెప్పుకుపోయింది. ఒంట్లో ఏ భాగాన ఏ అవయవం రావాలో చెప్పే జన్యువులు కొన్ని ఉంటాయట. వాటిలో ఒకదాన్ని గుడ్డులో ఉండగానే చెడగొడితే, నడిచే కాలు రావాల్సిన చోట నోటికి మేత అందించే పొట్టికాలు వస్తుందట. అదే జన్యువు చీమలోనూ ఈగలోనూ ఉందట. రొయ్యల వంశంలో కాళ్లని మొలవనిచ్చేది, పురుగుల వంశంలో ఏ కాలంలోనో కాస్త మారి, పొట్ట భాగంలో కాలన్నది రాకుండా ఆపడం మొదలుపెట్టిందట. అందుకే చీమకి ఆరే కాళ్లు.

దర్జీ తొక్కుతున్న మిషను ఆపాడు. భార్య మైక్రోస్కోపు నుంచి కన్ను తీసి కూతుర్ని చూసింది.

"అంటే ఇది ఇలా పుట్టలేదా? నువ్వే ఇలా పుట్టించావా?"

తనేం చెప్పిందో కూతురికి అప్పటిదాకా తెలియలేదు.

ఆ ఇంట్లో కూతురి తర్వాతివాడు, రెండోవాడు, ఎడమ చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయి పుట్టాడు. గుండె కూడా సరిగా లేదన్నారు. ఒక చెయ్యి పొట్టిగా పెట్టి దర్జీ కుట్టిన చొక్కా ఒంటి మీదికి ఎక్కకముందే పోయాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ వాడి మాట ఎత్తలేదు.

"తెలుసుకుందామనే అమ్మా" అంది కూతురు. "వాడి కోసమే ఈ చదువులోకి వచ్చాను."

"తెలిసిందా మరి? నేను తిన్నదా, ఎత్తిన బరువా, మింగిన మాత్రా? ఏది?"

"వీటి సంగతైతే తెలుసు, మేమే చేశాం కాబట్టి. తమ్ముడి సంగతి ఎవరూ చెప్పలేరమ్మా. నీ వల్లేననడానికి ఏమీ లేదు. కాదని ఒట్టేసి చెప్పడానికీ నా దగ్గర ఏమీ లేదు."

"ఇంత చదివీ అంతేనా" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండుననిపించింది దర్జీకి. ఆవిడ బల్ల అంచు పట్టుకుని నేల మీద కూలబడి, ఆయన వైపు తిరిగింది. "మీకు తెలుసుగా. నా తప్పు మన్నించమనే కదా రోజూ దేవుడి ముందు నిలబడేది. ఇన్నేళ్లూ చూస్తూనే ఉన్నాను."

తను నిలబడినప్పుడల్లా వెనకనుంచి తన వీపు చూస్తూ ఆవిడ ఏమనుకుందో దర్జీకి ఇప్పుడు తెలిసింది. లేచి వచ్చి ఆవిడ పక్కన చతికిలబడ్డాడు. కానీ మాట్లాడింది కూతురితో.

"చిన్నప్పుడు నన్నొకటి అడిగావు, గుర్తుందా?"

"తమ్ముడికి చెయ్యి ఎందుకివ్వలేదని. దేవుణ్ణి అడిగి చెప్తానన్నావు. మళ్లీ చెప్పనే లేదు."

"అడిగాను. రోజూ అదే అడిగాను. మీ అమ్మ గురించి ఒక్కనాడూ ఏమీ అడగలేదు. అడగడానికి అందులో అమ్మ తప్పేముంది?"

భార్య తలెత్తి చూసింది. అందిన ఆయన చొక్కా చెయ్యిని గట్టిగా పట్టుకుని, అందులో మొహం దాచుకుంది. ఆవిడ ఏడుపు ఆ ఇంట్లో వినపడడం రెండోవాడు పోయాక అదే మొదలు.

కూతురు వచ్చి వాళ్లకెదురుగా కూర్చుంది. చిన్నపిల్లలాగే అడిగింది.

"ఏమన్నాడు నాన్నా?"

"ఏమీ అనలేదమ్మా" అన్నాడు దర్జీ. "చెప్తానన్నాను కదా. అందుకని చెబుతున్నాను."