మూడో మనిషి వివరాలు

ఉదయం ఏడున్నరకే రత్నమణి టీ తాగేసి, జనాభా లెక్కల గుర్తింపు కార్డు మెళ్లో వేసుకుంది. జగ్గయ్యపేటలో ఆమె బడి టీచరు. తనకు అప్పగించిన వీధుల్లో అన్ని ఇళ్లూ అయ్యాయి. మిగిలింది సొంత ఇల్లే. ఫోన్ తెరిచి భర్త ప్రేమదాసు వివరాలు, తన వివరాలు నింపింది. మూడో మనిషి దగ్గరికొచ్చేసరికి వేలు ముందుకు కదల్లేదు.

“ఏమండీ, పేరేం రాయను?”

సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ప్రేమదాసు పేపర్లోంచి తలెత్తలేదు. “జయరాజ్ అని రాయి. పురుషుడు. సర్టిఫికెట్లలో అదేగా ఉంది.”

వంటింట్లో టిఫిన్ బాక్సు సర్దుకుంటున్న జాయిస్ ఆ మాట విని బయటికొచ్చింది. ఇరవై నాలుగేళ్ల జాయిస్ నందిగామలో ఒక మందుల షాపులో పనిచేస్తుంది. తాను ఆడపిల్లనని ఇంట్లో చెప్పి, ఆ పేరు పెట్టుకుని రెండేళ్లయింది. ఆ రెండేళ్లలో తండ్రి ఆమెను ఏ పేరుతోనూ పిలవలేదు.

“నేను ఇక్కడే ఉన్నాగా నాన్నా. నన్నడగొచ్చుగా?”

“అడిగేదేముంది? అలా రాయడం ఇష్టం లేకపోతే అసలు రాయొద్దు. ఇంట్లో ఇద్దరమే అని పెట్టెయ్ రత్నం.”

జాయిస్ బ్యాగు తీసుకుని గుమ్మం వైపు నడిచింది. రత్నమణి లేచి ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఆగు. ఒకసారి తప్పు రాసా, మళ్లీ రాయను,” అని భర్త వైపు తిరిగింది. “పోయినేడాది దీనికి డెంగీ వచ్చినప్పుడు ఆస్పత్రి కాగితం మీద మగ అని రాసింది నేనే. మగవాళ్ల వార్డులో వేశారు. నలుగురూ ఏమనుకుంటారోనని నోరు మూసుకున్నా. మూడు రోజులు దుప్పటి మొహం మీదకి లాక్కుని పడుకుంది. బాత్రూంకి వెళ్లాల్సొస్తుందని నీళ్లు తాగడం మానేసిందండీ.”

పేపరు ప్రేమదాసు ఒళ్లోకి జారింది. ఆ మూడు రోజులూ మంచం పక్కన కూర్చున్నది తనే. నీళ్ల సీసా నోటి దగ్గర పెట్టి, తాగమంటే తాగవేం, చస్తావా అని కేకలేసిందీ తనే.

“అందుకా?” అన్నాడు జాయిస్‌తో. “అందుకా తాగలేదు?”

ఆమె తలూపింది. “అందరూ చూస్తుంటే భయమేసింది నాన్నా. నీకెలా చెప్పాలో తెలీలేదు.”

ఆయన ఒళ్లోని పేపరు మడిచి పక్కన పెట్టాడు. తర్వాత కుర్చీ ఒకటి లాగి తన పక్కన వేశాడు.

“కూచోమ్మా. మీ అమ్మ అడుగుతుంది. నువ్వు చెప్పిందే రాస్తుంది.”

రత్నమణి కళ్లు తుడుచుకుని, ఊళ్లో అందరినీ అడిగినట్టే అడిగింది. “పేరు?”

“జాయిస్.”

“వయసు?”

“ఇరవై నాలుగు.”

“స్త్రీయా, పురుషుడా, ట్రాన్స్‌జెండరా?”

జాయిస్ తండ్రి మొహంలోకి చూసింది. ఆయన చూపు తిప్పుకోలేదు. “స్త్రీ,” అంది.

“ఇంటి యజమానికి ఏమవుతుంది?”

జాయిస్ కంటే ముందే ప్రేమదాసు నోరు విప్పాడు.

“కూతురు,” అన్నాడు. “రాయి రత్నం. నా కూతురు.”