రిపోర్టులో ఒక ఖాళీ గడి

గార్డెన్ రీచ్‌లో మూడంతస్తుల ఎత్తు లేచిన మంటని ఒకే ఒక్క బకెట్ నీళ్ళతో ఆర్పేసి, పొగ ఇంకా చెదిరిపోకముందే ఒక అమ్మాయి మనసు గెలుచుకున్నవాడు మా పట్టాభి. ఫైరింజన్ వాళ్ళు వచ్చి చూసి, గొట్టాలు చుట్టేసుకుని, వాడికి సెల్యూట్ కొట్టి మరీ వెళ్ళారు. నమ్మనివాళ్ళు నమ్మకపోండి. నేను కళ్ళారా చూశాను.

అసలు కథ మాత్రం మంటతో కాదు, ఒక దరఖాస్తుతో మొదలైంది.

రెండువేల ఆరు, జనవరి. పట్టాభి డాకుల్లో టాలీ క్లర్కు. ఓడల్లోంచి దిగే పెట్టెల్ని లెక్కపెట్టడం వాడి ఉద్యోగం. సాయంత్రమైతే తెలుగు బస్తీ సంఘానికి కార్యదర్శి. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి ఈ బెంగాలీ మహానగరానికి వచ్చి దిగినవాళ్ళవి ఎనభై గడపలు, గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. ఒక ఇంట్లో పోపు వేస్తే నాలుగిళ్ళలో తుమ్ముతారు. ప్రతి ఇంట్లోనూ ఒక కిరోసిన్ స్టవ్వు. భవానీపూర్‌లో ఒక ట్రస్టు, నిప్పుతో జాగ్రత్తల గురించి బస్తీల్లో పాఠాలు చెప్పుకోవడానికి గ్రాంటు ఇస్తుందని విని, పట్టాభి డిక్షనరీ పక్కన పెట్టుకుని దరఖాస్తు నింపి పంపాడు.

రెండు వారాలకి సంఘం గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడింది. చేతిలో ఫైలు, మొహంలో అనుమానం.

"ఇక్కడ పట్టాభి ఎవరు?"

"నేనేనండి."

"నా పేరు అరుంధతి. ట్రస్టు ఫీల్డ్ ఆఫీసర్‌ని. మీ అప్లికేషన్‌లో ఏడో కాలమ్ గురించి వచ్చాను. 'మీ ప్రాంతంలో అగ్నిప్రమాదాలకు ముఖ్య కారణం' అన్నచోట 'దాలమ్మ' అని రాశారు. ఆఫీసంతా తలలు పట్టుకున్నాం. అదేమైనా కెమికలా? గ్యాసా?"

"మా మామ్మండి."

అరుంధతి ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఫైలు పైన రెండు కళ్ళు మాత్రం కనిపించాయి. అవి నవ్వుతున్నాయి. పట్టాభికి లెక్క తప్పడం ఆ క్షణం నుంచే మొదలైంది.

"జోక్ చేస్తున్నారా?"

"లేదండి. డాకు గేటు దగ్గర బజ్జీల బండి నడుపుతుంది. స్టవ్వు రెండుసార్లు మండిపోయింది. ఒకసారి పందిరి పోయింది, ఒకసారి నా కనుబొమ్మలు పోయాయి."

"ఇప్పుడు బాగానే ఉన్నాయే!"

"మళ్ళీ మొలిచాయండి."

లోపల్నుంచి దాలమ్మ గొంతు ఖంగుమంది. "ఎవులురా ఆ పిల్ల? నా పేరు కాయితంలో ఎక్కించినావేటిరా గుంటడా?"

"ఎక్కించినాను మామ్మా."

"అచ్చరాలు పెద్దయి రాసినావా?"

అరుంధతి ఈసారి ఫైలు అడ్డం పెట్టుకోలేదు. పకపకా నవ్వేసింది.

మార్చిలో గ్రాంటు వచ్చింది. దాంతోపాటు బొమ్మల పోస్టర్లు, ఇసుక, ఇరవై నాలుగు ఎర్ర బకెట్లు వచ్చాయి. ఆ రోజుల్లో ఊళ్ళో ఎరుపంటే ఎవరికీ అభ్యంతరం లేదు. ఊరినేలే ఎర్రజెండా పార్టీ ఆఫీసు వాళ్ళు కూడా వచ్చి బకెట్ల రంగు మెచ్చుకుని వెళ్ళారు.

ప్రతి శనివారం సాయంత్రం పాఠం. నూనె అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, స్టవ్వు ఆపి మూత పెట్టాలి, తడిపి పిండిన గోనె కప్పాలి, పక్కింటి స్టవ్వు కూడా ఆపించాలి, సందు ఖాళీ చేయించాలి. పట్టాభి చెప్పడం, దాలమ్మ అడ్డు తగలడం.

"గోనె సంచి గురించి నాకు సెప్తావేట్రా? మీ తాత డాకుల్లో నలభయ్యేళ్ళు గోనెలే మోసినాడు!"

"మోసినాడు గానీ కప్పనేదు కదా మామ్మా. అందుకే పందిరి పోయింది."

ఇక రిపోర్టులు. నెలకొకటి, పన్నెండు గడులు నింపి పంపాలి. ఏప్రిల్లో 'హాజరైన స్త్రీల సంఖ్య' అన్న గడి నింపడం పట్టాభి నిజంగానే మర్చిపోయాడు. ఆ ఒక్క గడి కోసం అరుంధతి భవానీపూర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది.

"ఓడల్లో వేల పెట్టెలు లెక్కపెట్టే మనిషి, ముప్ఫై మంది ఆడవాళ్ళని లెక్కపెట్టలేకపోయారా?"

"పెట్టెలు కదలవండి. వీళ్ళు ఒకచోట కూర్చోరు."

ఆమె వెళ్ళాక పట్టాభి చాలాసేపు ఆలోచించాడు. మే నెల రిపోర్టులో 'సభ్యులు అడిగిన ప్రశ్నలు' ఖాళీగా వెళ్ళింది. జూన్‌లో తేదీ లేదు. జూలైలో సంతకమే లేదు. ప్రతిసారీ అరుంధతి వచ్చేది, చివాట్లు పెట్టేది, దాలమ్మ బజ్జీలు నాలుగు తినేది, గడి నింపించుకుని వెళ్ళేది. పట్టాభికి అంతకన్నా మంచి గ్రాంటు ఏ ట్రస్టూ ఇవ్వలేదనిపించేది.

ఆగస్టులో మాత్రం ఆమె నవ్వలేదు.

"ఖాళీలతో రిపోర్టులు పంపే బస్తీకి రెండో ఏడాది గ్రాంటు ఎందుకని మా పెద్దాయన అడిగారు. నేను పోట్లాడాను. నేను చూసిన వాటిలో ఇదే బెస్ట్ అని రాసి సంతకం పెట్టాను. ఆయనే స్వయంగా వచ్చి డ్రిల్ చూస్తారట. అందరూ వరసలో నిలబడి బకెట్లు అందించుకోవాలి. అది సరిగ్గా జరగకపోతే మీకు గ్రాంటూ ఉండదు, నా మాటకి విలువా ఉండదు. నన్ను ఇంకో ఏరియాకి వేసేస్తారు. అర్థమైందా?"

పట్టాభి లెక్క వేసుకున్నాడు. ఇంకో ఏరియా అంటే ఇక రాదు.

"సెప్టెంబర్ పదిహేడు, ఆదివారం. అందరూ ఇళ్ళ దగ్గరే ఉంటారు కదా? ఓకేనా?"

మాట్లాడుతూ ఆమె చెవి వెనక్కి జుట్టు సర్దుకుంది. పట్టాభి "ఓకే" అన్నాడు. ఆ సమయంలో ఫిబ్రవరి ముప్ఫై అన్నా ఓకే అనేవాడే.

డాకుల పక్కన పుట్టి పెరిగినవాడు మర్చిపోకూడని తేదీ అది. సెప్టెంబర్ పదిహేడు విశ్వకర్మ పూజ. ఆ రోజు క్రేను కొక్కెం నుంచి సుత్తి దాకా ప్రతి పనిముట్టునీ కడిగి, బొట్టు పెట్టి, దండ వేస్తారు. ఆ రోజు వాటికి సెలవు. మర్నాటి దాకా ఎవరూ ముట్టుకోరు. అరుంధతి వాళ్ళ నాన్న బ్యాంకు ట్రాన్స్‌ఫర్ మీద కాకినాడ నుంచి వచ్చి రెండేళ్ళయింది. వాళ్ళింట్లో పనిముట్టు అంటే పెన్నే. ఆమెకి తెలిసే దారి లేదు.

ఆదివారం పొద్దున్న అరుంధతి, తెల్ల జుట్టు పెద్దాయన బస్తీలోకి వచ్చేసరికి ఆకాశం నిండా ఆ పూజకి ఎగరేసే గాలిపటాలు. సందులో ఇరవై నాలుగు ఎర్ర బకెట్లు తళతళా మెరుస్తూ వరసగా ఉన్నాయి. ప్రతి బకెట్‌కీ పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు.

"డ్రిల్ మొదలుపెట్టండి," అంది అరుంధతి.

ఒక్కరూ కదల్లేదు.

సంఘం ప్రెసిడెంటు గవరయ్య ముందుకొచ్చాడు. ముప్ఫై ఏళ్ళు క్రేన్లకి తాళ్ళు కట్టిన మనిషి. "ఈ పూట ముట్టుకోకూడదమ్మా. మన పని సేసిపెట్టేది ఏదైనా పనిముట్టే. రేపు సెప్పండి, రెండేసి బకెట్లు మోస్తాం."

పెద్దాయన నోట్‌బుక్ తీసి ఏదో రాసుకున్నాడు. అరుంధతి మొహం పాలిపోయింది. పట్టాభిని పక్కకి లాగింది.

"ఇవి అసలు ఎప్పుడైనా ఎవరైనా ఎత్తారా? లేక వచ్చిన రోజు నుంచీ పూజేనా? ఆ రిపోర్టుల్లో నింపినవన్నీ కూడా..."

"లేదండి, నిజంగా..."

"నేను సంతకం పెట్టాను పట్టాభీ!"

ఆమె 'గారూ' అనలేదు. మామూలు రోజైతే పట్టాభి ఎగిరి గంతేసేవాడు.

సరిగ్గా అప్పుడే సందు మొదట్లో భగ్గుమంది. పొయ్యికి మాత్రం సెలవు లేదంటూ, పూజకి వచ్చినవాళ్ళ కోసం దాలమ్మ వేస్తున్న బజ్జీల మూకుడు అంటుకుంది.

పట్టాభి ఇంకేమీ ఆలోచించలేదు. పూజ మర్చిపోయాడు, పాఠం మర్చిపోయాడు. దండతో సహా నీళ్ళ బకెట్ ఎత్తుకుని పరిగెత్తాడు.

"ఆగరా!" దాలమ్మ గరిటె ఎత్తింది. "నూనె మీద నీల్లేట్రా? ఊరందరికీ సెప్పినోడివి నీకు తెల్దేటి?"

పట్టాభి కాళ్ళకి బ్రేకులు పడ్డాయి. బకెట్‌కి పడలేదు. నీళ్ళన్నీ వాడి నెత్తి మీదే పడ్డాయి.

దాలమ్మ ఒక చేత్తో స్టవ్వు గాలి తీసేసింది, ఇంకో చేత్తో మూకుడు మీద మూత జార్చింది. పక్కింటి అమ్మన్నమ్మ తడిపి పిండిన గోనె తెచ్చి మూత మీద కప్పేసింది. ఎదురింటావిడ తన స్టవ్వు ఆర్పేసింది. ఇద్దరు ఆడవాళ్ళు పిల్లల్ని సందు చివరికి తోలుకుపోయారు. గవరయ్య అప్పటికే దారి మధ్యలో నిలబడి బండ్లు ఆపుతున్నాడు. ఎవరూ అరవలేదు, దాలమ్మ తప్ప.

"మూత తీయకండి! సల్లారాలి! ఒరే పట్టాభీ, అక్కడే ఉండు, నువ్వొచ్చి సాయం సేయొద్దు!"

అంతే. అయిపోయింది. పందిరి అలాగే ఉంది. పట్టాభి కనుబొమ్మలూ అలాగే ఉన్నాయి.

ఇక్కడ నేనొక మాట ఒప్పుకోవాలి. మూడంతస్తుల మంట అన్నాను కదా, అది దాలమ్మ మోచెయ్యంత ఉంటుందేమో. ఫైరింజన్ రాలేదు, ఎవరూ పిలవనూ లేదు. ఆర్పినవాడు పట్టాభి కాదని మీకు తెలిసిపోయింది. నేను కళ్ళారా చూడటమంటారా, ఆ వేళకి మేడ మీద గాలిపటం ఎగరేస్తున్నాను. కిందికి చూసేసరికి మూత పడిపోయింది.

పెద్దాయన మూకుడు దాకా నడిచి వెళ్ళాడు. ఆడవాళ్ళని చూశాడు, బకెట్లని చూశాడు.

"వీళ్ళకి బకెట్ అవసరమే రాలేదు కదమ్మా!" అన్నాడు అరుంధతితో, బెంగాలీలో. నోట్‌బుక్‌లో రాసింది అడ్డంగా కొట్టేశాడు. "రెండో ఏడాదికి సిఫార్సు రాసుకో. ఈ ముసలమ్మగారిని మిగతా బస్తీలకి కూడా తీసుకెళ్ళు, పాఠం చెబుతుంది."

అరుంధతి ఆ మాటలు ఫైల్లో రాసుకుంది. గోడకి చేరబడి నవ్వింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. పట్టాభి జుట్టులోంచి నీళ్ళతోపాటు ఒక బంతిపువ్వు జారింది.

గవరయ్య వాడి వీపు మీద చరిచాడు. "ముట్టేసినావు కదరా! పోన్లే, ఇశ్వకర్మ బాబు సూసుండడు. గాలిపటాలు సూస్తన్నాడు."

దాలమ్మకి మాత్రం కాగితం సంగతే పట్టింది. "అమ్మా, ఇంక ఆ ఏడో గడిలో నా పేరు కొట్టీ. ఈడి పేరు రాసీ."

పెద్దాయన టాక్సీ ఎక్కుతూ తలుపు తీసి పట్టుకున్నాడు. అరుంధతి ఎక్కలేదు. "మీరు వెళ్ళండి సార్. రిపోర్టులో ఒక కాలమ్ మిగిలింది."

ఇద్దరూ బస్టాపు వైపు నడిచారు. చినుకులు మొదలయ్యాయి. పట్టాభి నల్ల గొడుగు విప్పాడు. జల్లు పెద్దదైంది. గొడుగు చిన్నది, ఎవరి భుజం ఎటు తడుస్తోందో ఇద్దరికీ పట్టలేదు.

"ఒక నిజం చెప్పాలి," అన్నాడు పట్టాభి. "ఏప్రిల్‌ది మర్చిపోయాను. మిగతా ఖాళీలన్నీ కావాలని వదిలినవే. మీరొస్తారని. దానివల్ల మీ మాట పోయేదాకా వచ్చింది. నన్ను తిట్టండి."

"మే నెల నుంచే తెలుసు."

"తెలుసా?"

"తేదీ తెలుసుకోవడానికి ఫోన్ చాలదా? రెండు బస్సులు మారి ఎందుకొచ్చానో అది ఏ కాలమ్‌లో రాయాలి పట్టాభీ?"

పట్టాభి గొడుగు ఇంకాస్త ఆమె వైపు వంచాడు. "బజ్జీల కోసం అనుకున్నాను," అన్నాడు.

"బజ్జీలు కూడా." ఆమె గొడుగు కాడ పట్టుకుంది, వాడి చేతి పైనే. "వచ్చే ఆదివారం మా ఇంటికి రండి. ఆ రోజు ఏ పూజా లేదు, నేను చూశాను. మా నాన్నగారు బ్యాంకాయన. దరఖాస్తులు చాలా జాగ్రత్తగా చదువుతారు. ఒక్క గడి ఖాళీ వదిలారో..."

"వదలను," అన్నాడు పట్టాభి. "సంతకం కూడా పెడతాను."

ఇప్పుడు మిగిలింది కూడా చెప్పేస్తాను. ఆ వాన నాది. ప్రేమకథ అన్నాక ఒక జల్లయినా పడాలని నేనే కురిపించాను. అన్ని గాలిపటాలు ఎగిరే రోజున వానెక్కడిది? ఆకాశంలో మబ్బు ముక్క లేదు.

గొడుగు మాత్రం నిజం. బస్టాపు దాకా ఇద్దరూ దాన్ని దించలేదు. వాళ్ళని చూసి బస్టాపులో ఉన్న జనమంతా ఒక్కసారి తలెత్తి పైకి చూశారట.