వెనక వరసలో చెయ్యి

సింహగళం అంటే కాలనీలో ఎవర్నడిగినా ఆయన ఇల్లే చూపిస్తారు. ఆ గొంతు ఎలాంటిదనుకున్నారు! ఒకప్పుడు నాటకంలో ఆయన "ఆగు!" అని గర్జిస్తే బయట రోడ్డు మీద పోయే బస్సు ఆగిపోయింది. డ్రైవరు దిగొచ్చి, "ఎక్కేదెవరండీ?" అని అడిగాడు.

ఇప్పుడా గొంతుకి తుప్పు పట్టింది. మోకాళ్లు మెట్టుమెట్టుకీ మూలుగుతున్నాయి.

కాలనీవాళ్లంతా తలో చెయ్యీ వేసి ఈమధ్యే ఒక ఆరుబయలు రంగస్థలం కట్టుకున్నారు. అర్ధచంద్రంలా మెట్లు, మెట్ల మీద రాతి బల్లలు, ప్రతి బల్లకీ దాత పేరు చెక్కిన ఇత్తడి రేకు. చిట్టచివరి వరసలో మూలబల్లకి మాత్రం రేకు లేదు. ఇచ్చినవాళ్లెవరో పేరు వద్దన్నారు. మైకులు లేకుండానే అందరికీ వినబడాలని పట్టుబట్టి మరీ కట్టారు.

రేపే మొదటి నాటకం. దర్శకురాలు మొహమాటం లేకుండా చెప్పేసింది. "పెద్దాయనా, వెనక వరసకి వినబడకపోతే మీ వేషం ఇంకొకరికిస్తాను. ఏమీ అనుకోకండి."

అనుకోకుండా ఎలా ఉంటాడు? ఆ వేషం తప్ప ఆయనకింక మిగిలిందేముంది?

అందుకే పొద్దు వాలుతుండగా శాలువా కప్పుకుని, బావమరిదిని వెంటబెట్టుకొచ్చాడు. అక్కడ లైట్ల పని చూసేది ఆ బావమరిదే. గొంతు పరీక్షకి నటుల పద్ధతి ఒకటుంది. ఒకరు వెనక కూర్చుంటారు. వినబడితే చెయ్యెత్తుతారు. వినబడకపోతే దగ్గరికి రమ్మని ఊపుతారు. నోరు మాత్రం విప్పకూడదు.

"వినబడకపోయినా ఎత్తెయ్యనా బావా? అక్కకి నేను జవాబు చెప్పుకోలేను."

"నీ వెటకారం తగలెయ్య! నిజమే చెప్పు. పో, కూర్చో."

బావమరిది నవ్వుతూ మెట్లెక్కాడు. ఆయన అటు తిరిగి గుక్కెడు నీళ్లు తాగాడు. ఇంతలో వేదిక మీది దీపం టప్పున ఆరిపోయింది. "వీడూ, వీడి లైట్లూ," అని గొణుక్కుంటూ ఇటు తిరిగాడు. తడి సిమెంటు వాసన. మసక చీకటి. మూలబల్ల మీద మనిషి ఆకారం.

"నేనిక్కడే ఉన్నాను!"

వేషంలో అదే మొదటి మాట. ఆ ఆకారం చెయ్యి ఎత్తలేదు. రమ్మని ఊపింది.

అంచుదాకా వచ్చి పలికాడు. మళ్లీ ఊపింది. వేదిక దిగి పలికాడు. ఊపింది. మెట్లెక్కుతూ, ఆయాసపడుతూ పలికాడు. ఊపుతూనే ఉంది... నెమ్మదిగా...

"ఒరేయ్, చెవుల్లో సీసం పోసుకున్నావట్రా?"

చివరి వరస చేరేసరికి బల్ల ఖాళీగా ఉంది. రాయి మాత్రం వెచ్చగా ఉంది.

'దాక్కుని ఆటలాడుతున్నాడు వెధవ' అనుకున్నాడు. తిట్టడానికి కూడా ఓపిక లేదు. ఒక్క క్షణం కూర్చుందామని కూలబడ్డాడు. అబ్బ... ఎన్నేళ్ల అలసటో దిగిపోతున్నట్టు... దాంతోపాటు లోపల ఇంకేదో ఖాళీ అయిపోతున్నట్టు...

"నేనిక్కడే ఉన్నాను!"

వేదిక మీంచి. బస్సుని ఆపిన గొంతు. తన గొంతు.

కింద గేటు దగ్గర టార్చి వెలిగింది. బావమరిది పరిగెత్తుకొచ్చాడు. "ఫ్యూజు పోయిందని అటు వెళ్లానో లేదో, ఇంత గొంతెక్కడిది బావా? గేటు అదిరింది! ఆ వేషం నీదే పో!"

వాడు మాట్లాడుతున్నది వేదికతో.

అక్కడ ఎవరో నిలబడి ఉన్నారు. తనలాగే కాస్త వంగి. తన శాలువా కప్పుకుని. ఆయన భుజం తడుముకున్నాడు. శాలువా తన మీదే ఉంది...

"ఒరేయ్..." అనబోయాడు. ఊపిరి తప్ప ఏమీ రాలేదు. ఇటు రమ్మని ఊపడానికి చెయ్యెత్తాడు.

టార్చి వెలుగు పైదాకా వచ్చి ఆగింది.

"చూడు బావా! వెనక ఎవరో కూర్చుని చెయ్యి కూడా ఎత్తారు. వినబడిందట!"

వేదిక మీది మనిషి తలూపాడు.

ఆయన చెయ్యి ఊపాలనుకున్నాడు. కదల్లేదు. దించాలనుకున్నాడు. దిగలేదు.

మణికట్టు దగ్గర, చల్లగా, మరో చెయ్యి దాన్ని పైకెత్తి పట్టుకుని ఉంది.